తోటలో రైలుదారి

క్రోసూరునకు రైలుదారి లేదు. ఆ యూరివారు రైలెక్కవలెనన్నచో బస్సులో సత్తెనపల్లికో గుంటూరునకో పోవలసినదే. ఊరిచుట్టును నల్లరేగడి చేలు. వానిలో ప్రత్తియు, మిరపయు. అట్టి యూరి పాఠశాల తోటలో రెండు సన్నని పట్టాలు పరచి, వానిపై జానెడు ఎత్తు రైలుబండిని నడుపవలెనని ఎవరైనను తలపెట్టినచో పెద్దలు మొదట అడుగు ప్రశ్న యొకటే: "ఆటబొమ్మ కొరకు ఇంత శ్రమయు, ఇంత సొమ్మును ఎందులకు?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి తగిన సమాధానము లేనివారు తోటలో పలుగు దింపకుండుటయే మేలు.

సమాధానము చెప్పుటకు ముందు తోటరైలనగా నేమో తెలియవలెను. గదిలో బల్లపై తిరుగు బొమ్మరైలు వేరు, తోటరైలు వేరు. బల్లపై రైలునకు ఎండ లేదు, వాన లేదు, చెదలు లేదు. తోటరైలు నిజమైన రైలువలెనే నేలపై బ్రదుకవలెను. జర్మనీ దేశమున న్యూరెంబర్గు నగరమునందలి లేమాన్ అను బొమ్మల సంస్థవారు 1968లో ఆరుబయట నడుపదగిన పెద్ద బొమ్మరైలును అమ్మకమునకు తెచ్చిరి. ఆ పట్టాల నడిమి వెడల్పు 45 మిల్లీమీటర్లు. నిజమైన బండి ఆ బొమ్మకు ఇరువది రెండున్నర రెట్లుండును. మీటరు గేజి దారి వెడల్పగు 1,000 మిల్లీమీటర్లను 22.5చే భాగించినచో 44.4 వచ్చును. అనగా ఆ బొమ్మ మీటరు గేజి బండికి ప్రతిరూపమన్నమాట. పలనాటివారికి మీటరు గేజి క్రొత్తది కాదు. గుంటూరునుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికూడి మీదుగా మాచర్లకు పోవు దారి తొలుత మీటరు గేజిదే. గత శతాబ్ది చివరి భాగమున అది బ్రాడ్ గేజిగా మారినది. తాతల నాటి బండిని తోటలో నిలుపగోరువారికి 45 మిల్లీమీటర్ల దారి చక్కగా సరిపోవును. నేటి దారినే అదే కొలతలో నిర్మింపవలెనన్నచో 1,676ను 22.5చే భాగింపవలెను, 74.5 మిల్లీమీటర్లు వచ్చును. అట్టి పట్టాలు అంగడిలో దొరకుట యరుదు. చేసికొనవలసినదే. ఒక్క భాగహారముతో రెండు తరముల చరిత్ర బయటపడుట ఏ లెక్కల పుస్తకమునను తరచుగా జరుగునది కాదు.

ఇక సొమ్ము మాట. విదేశములనుండి వచ్చు ఇంజను ఒక్కదానికే వేలకొలది రూపాయలగును. పెట్టె విప్పి, పట్టాలు గుండ్రముగా తగిలించి, మీట నొక్కినచో బండి తిరుగును. మొదటి దినమున ఊరంతయు వచ్చి చూచును. పదియవ దినమున చూచువారుండరు. పెద్దల యాక్షేపణ ఇట్టి రైలు విషయమున నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. అందుచేత పాఠశాలలో మొదటి సంవత్సరము ఇంజను కొనరాదు. పెండ్లికొడుకు లేని పెండ్లివలె ఇది కొందరికి తోచవచ్చును. కాని రైలుదారి యనగా బండి కాదు. బండి క్రింది పట్టా కూడ కాదు. ఆ పట్టా క్రింది నేల. తోటలో రైలు వేయుటవలన కలుగు విద్య యంతయు ఆ నేలలోనే యున్నది.

క్రోసూరు నేల నల్లరేగడి. వాన కురిసినప్పుడు అది నీరు త్రాగి పొంగును; వేసవిలో ఎండి, చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. రైతునకు ఇది వరము, దారి వేయువానికి శాపము. ఆ నేలపై నేరుగా పట్టాలు పరచినచో శ్రావణమాసము వెళ్లునప్పటికి ఒకచోట దారి గూనివలె లేచును, మరియొకచోట గుంటవలె దిగును. పెద్ద రైలుదారులు వేయు ఇంజనీర్లకును ఇదే చిక్కు. అందుకే వారు రేగడి నేలలలో కట్టకును కంకరకును నడుమ ఇసుకపాలు గల మంచిమట్టిని ఒక పొరగా పరతురు. నీరు నిలువకుండ ఇరువైపుల కాలువలు త్రవ్వుదురు. తోటలోను అదే చేయవలెను. జానెడు లోతున రేగడిని తీసివేసి, మొరము పోసి, దిమ్మిసతో కొట్టి, దానిపై నాపరాళ్లు పరుపవలెను. నాపరాళ్లకు పలనాటిలో కొదువ లేదు. రాయి పరచినంత మాత్రమున నేల పొంగుట ఆగదు. కాని ఆ పొంగు ఒక్కచోట పొడుచుకొని రాక, రాయి రాయంతయు సమముగా లేచును. అప్పుడు సరిదిద్దుట సులభము. రాళ్లపై కంకర పోయవలెను. పెద్దదారి కంకర 65 మిల్లీమీటర్లకు మించదు, దానిని 22.5చే భాగించిన ఇంచుమించు 3 మిల్లీమీటర్లగును. అంతటి రాతిపలుకులను జల్లెడ పట్టి యేరుట ఎనిమిదవ తరగతి పిల్లలకు రెండు శనివారముల పని.

ఎత్తుపల్లములు చూచుటకు ఖరీదైన పనిముట్లక్కరలేదు. తాపీపనివారు వాడు నీటిగొట్టము చాలును. పారదర్శకమైన సన్నని గొట్టములో నీరు నింపి రెండు కొనలను రెండు చోట్ల నిలిపినచో నీరు రెండింటను ఒకే మట్టమున నిలుచును. ఎంత దూరమునకు ఎంత ఎత్తో దానితో తేలును. తోటరైలు మీటరు దూరమునకు 2 సెంటీమీటర్లకు మించి ఎక్కకుండుట మంచిది. బొంబాయి పూనాల నడుమ భోర్ ఘాటులో దారి 37 మీటర్లకు ఒక మీటరు ఎక్కును. అచట బండి వెనుకనుండి నెట్టుటకు అదనపు ఇంజనులు తగిలింతురు. నీలగిరిపై ఇంచుమించు 12 మీటర్లకే ఒక మీటరు ఎక్కవలసి వచ్చుటచే, పట్టాల నడుమ పండ్లపట్టా అమర్చి, ఇంజను పండ్లచక్రముతో దానిని పట్టుకొని ప్రాకునట్లు చేసిరి.

పలనాటి ఎండ మరియొక గురువు. రెంటచింతల వేడిమి రాష్ట్రమంతటను ప్రసిద్ధము. లోహము వేడికి సాగునని పాఠ్యపుస్తకము చెప్పును, పరీక్షలో పిల్లలు వ్రాయుదురు, మరచిపోవుదురు. తోటలో 10 మీటర్ల యిత్తడి పట్టా 30 డిగ్రీల వేడి పెరిగినప్పుడు 6 మిల్లీమీటర్ల దాక సాగును. ఉక్కు అయినచో 4 మిల్లీమీటర్ల లోపు. అతుకుల వద్ద ఆ మాత్రపు సందు విడువకుండ తెల్లవారుజామున పరచిన దారి మిట్టమధ్యాహ్నమునకు పామువలె వంకరపోవును. అట్లు వంకరపోయిన దారిని చూచిన పిల్లవాడు ఆ పాఠమును ముదిమిలో కూడ మరువడు.

చాలమంది చేయు తప్పు దారిని వలయముగా వేయుట. బండి తిరిగిన చోటనే తిరుగుచుండును, ఎచటికిని చేరదు. పైగా బొమ్మదారుల మలుపు మిక్కిలి ఇరుకు. 60 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో కూడ అమ్ముచున్నారు. భారతదేశపు మీటరు గేజిలో అత్యంత తీవ్రమైన మలుపునకు వ్యాసార్ధము 109 మీటర్లు. తోట కొలతలో 4.8 మీటర్లు. అంత చోటు దొరకకపోవచ్చును; ఐనను సాధ్యమైనంత విశాలముగా మలుపుట మేలు. అంతకంటె మేలైనది, మొదట తిన్నని దారిని పదిమీటర్లు వేసి, ఈ కొనను ఒక స్టేషనును ఆ కొనను ఒక స్టేషనును నిలిపి, చేతితో నెట్టు పెట్టెలనే నడుపుట. రెండవ సంవత్సరము నడుమ ఒక లూపు లైను. ఎదురుబండ్లు తప్పుకొను విధము అప్పుడు తెలియును. మూడవ యేట కాలువపై తూమును, ఒక శాఖాదారియు. ఇంజను అప్పుడు వచ్చినను ఆలస్యము కాదు. అదియు పట్టాలలో విద్యుత్తు ప్రవహించునది కాక, లోపల బ్యాటరీ గలదైనచో ధూళికి తట్టుకొనును.

పెద్దదారులు పెరిగినదియు ఇట్లే. మాచర్ల దారి మొదట ఒక కొనతో ఆగిపోయిన శాఖ. కృష్ణపై వంతెన కట్టి నడికూడిని బీబీనగరుతో కలిపిన పిమ్మట గుంటూరునుండి సికింద్రాబాదు పోవుటకు ఆ శాఖయే రాజమార్గమైనది. నడికూడినుండి శ్రీకాళహస్తికి తలపెట్టిన మూడువందల కిలోమీటర్లకు పైబడిన దారి తునుకలు తునుకలుగా సాగినది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము ఎర్రుపాలెమునుండి అమరావతి మీదుగా నంబూరునకు 57 కిలోమీటర్ల క్రొత్తదారికి ఆమోదము తెలిపినది. ఇట్టి పనులకు నేల కొలుచువారు, మట్టి పరీక్షించువారు, వంతెన గీయువారు వందలమంది కావలెను. వారందరును దూరపు నగరములనుండియే రావలెనా? రైలనగా ఎవరో వేయునది, తాము ఎక్కునది యను తలపుతోనే పలనాటి పిల్లలు పెరుగవలెనా? తోటరైలు విషయమున అసలు వాదము ఇచటనే యున్నది. బొమ్మ ఖరీదులో లేదు.

ఆటగా మొదలైనది పనికి వచ్చుట వింత కాదు. ఇంగ్లండులో డార్బీషైరు వాసి సర్ ఆర్థర్ హేవుడ్ 1874 ప్రాంతమున తన ఇంటి తోటలో 15 అంగుళముల వెడల్పు గల దారిని వేయ మొదలిడెను. ఇంజనులను తన కార్ఖానాలోనే చేయించుకొనెను. పెద్ద ఎస్టేట్లలో బరువులు మోయుటకు ఇంత చిన్నదారియే చాలునని ఆయన వాదము. సైన్యాధికారులు ఒప్పుకొనలేదు. తోటకు వచ్చినవారు ముచ్చటపడి పోయిరే కాని వేయుడని యడుగలేదు. కడకు వెస్ట్‌మినిస్టరు ప్రభువు ఒప్పుకొనెను. 1896లో ఆయన ఈటన్ హాలు భవనమునకు హేవుడ్ అట్టి దారినే వేసి బొగ్గును, ఇటుకలను మోయించెను. ఇరువది రెండేండ్లు ఒక తోట సాక్ష్యము చెప్పవలసి వచ్చినది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో నెలకొల్పిన బొమ్మరైలు సంఘములో పట్టాల క్రింది తీగలు అల్లినవారే, కొంతకాలమునకు అచటి తొలి కంప్యూటర్లపై రాత్రులు మేల్కొని ప్రోగ్రాములు వ్రాసిరి. అంత దూరము పోనక్కరలేదు. సికింద్రాబాదు చెంత మౌలాలిలోని రైల్వే శిక్షణ సంస్థలో స్టేషను మాస్టరులు కాబోవువారు మొదట బొమ్మదారులపైననే బండ్లను పంపుటయు, ఆపుటయు అభ్యసింతురు. ఉద్యోగులకు చెల్లునది విద్యార్థులకు ఏల చెల్లదు?

మార్కుల మాట ఎత్తువారు కొందరుందురు. రైలు వేసిన పిల్లలకు మార్కులు పెరుగునని ప్రమాణము చేయుట తగదు, పెరుగవచ్చును, పెరుగకపోవచ్చును. పని పంచుకొనుటలో మాత్రము ఒక జాగ్రత్త యుండవలెను. మగపిల్లలు ఇంజను చుట్టు మూగి, ఆడపిల్లలకు మొక్కలకు నీరు పోయు పని యప్పగించుట తఱచు జరుగును. నీటిగొట్టమును, కొలతల పుస్తకమును వంతుల వారీగ అందరి చేతికిని రావలెను.

ఆ పుస్తకము విషయమై ఒక్క మాట. వేసవి సెలవులలో తోటను చూచువారుండరు. మేకలు త్రొక్కును, ఎలుకలు కట్టను తొలుచును, నేల నెఱ్ఱెలు విచ్చును. జూన్ మాసమున బడి తెరచి, మొదటి వాన కురిసిన పిమ్మట ప్రతి మీటరు వద్దను మట్టము మరల చూచి, తేదీతో వ్రాయవలెను. అప్పటికి దారి మొదలిడిన తరగతి పైతరగతికి పోయి యుండును. క్రొత్తవారు ఆ పుస్తకము తెరచి, మొదటి పుటలోని అంకెలతో తమ అంకెలను సరిచూచుకొని, ఎచట ఎన్ని మిల్లీమీటర్లు లేచినదో, ఎచట దిగినదో గుర్తించి, గంపలతో మొరము తెచ్చుటకు బయలుదేరుదురు.