మీ లెక్కలో మా బిడ్డలు లేరు

మధ్యాహ్నం పన్నెండున్నర. మాడు పగిలే ఎండ. ఖమ్మం బయట, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక బీఈడీ కాలేజీ గేటు. నా భుజం మీద 14 నెలల మా చిన్నోడు. ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున వాణ్ణి పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి నేను పనికి పోయాను. పన్నెండు కొట్టకముందే ఆమె ఫోన్ చేసింది. "అయ్యా, పిలగాడు డబ్బా పాలు ముడతలేడు, అమ్మ అమ్మ అని ఒకటే ఏడుపు." బండి మీద వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "పిల్లల్ని లోపలికి రానియ్యొద్దన్నరు సార్." ఆయన తప్పేం లేదు, పైవాళ్ళు చెప్పిందే చెప్పాడు. బెల్లు కొట్టేదాకా చెట్టు కింద నిలబడ్డాను.

మా ఆవిడ పరుగున వచ్చింది. గేటు పక్కన గోడవైపు తిరిగి, యూనిఫాం చీర కొంగు కప్పి వాడికి పాలిచ్చింది. వాడు తాగుతూ తాగుతూనే నిద్రపోయాడు. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌కు ఆమె పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. ఆ పూట హాజరు పడలేదు. అడిగితే వచ్చిన జవాబు: "పిల్లలున్నోళ్ళకు ఈ చదువులెందుకమ్మా? ఇంట్లో ఉండొచ్చు కదా."

ఆ పీరియడ్‌లో జరిగిన పాఠం బాల్యం, ఎదుగుదల గురించి. పిల్లలు ఎలా పెరుగుతారో, తల్లి ఒడి వాళ్ళకు ఎంత అవసరమో ఏడాది పొడుగునా బోధించే చోట, ఒక పసివాడు పాలు తాగడానికి నాలుగడుగుల నీడ లేకపోయింది. రెండేళ్ళు దాటింది. నా కడుపు మంట ఇంకా చల్లారలేదు.

నేను ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ పని చేస్తాను. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు నా చేతి మీదుగానే పోతాయి. నెల జీతం 16,000. మా ఆవిడ బీఎస్సీ మ్యాథ్స్. డిగ్రీ అయ్యీ కాకముందే పెళ్ళి, ఏడాది తిరక్కుండా పాప. ఇంటి దగ్గర ప్రైవేటు స్కూల్లో 7,000కు లెక్కలు చెప్పేది. మా పాపకు భిన్నాలు చెప్పాలంటే చపాతీ తుంచి పళ్ళెంలో పేర్చేది. సగం తిని పావు మిగిల్చి, ఎంత తిన్నావో చెప్పమనేది. అలాంటి మనిషికి సర్కారు బడిలో టీచరు కావాలని ఉండడం అత్యాశా? 2023లో ఎడ్‌సెట్ రాసింది. కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం.

రెగ్యులర్ కోర్సంటే ఏమిటో ఆ తర్వాత అర్థమైంది. 2015 నుంచి బీఈడీ రెండేళ్ళు చేశారు. ఏడాదికి 200 పనిదినాలు. క్లాసులకు 80 శాతం హాజరు, బడుల్లో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. రేపు పది మంది పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు క్లాసులో కూర్చుని నేర్చుకోవాల్సిందే. కానీ పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా ఒక తల్లిని అక్కడ కూర్చోబెట్టినప్పుడు, ఆమె బిడ్డ అంతసేపూ ఎక్కడుంటాడని ఒక్కరైనా అడిగారా? చదువు కోసం ఆమె మానుకున్న ఆ 7,000 ఇంట్లోకి ఇక ఎక్కణ్ణుంచి వస్తుందని ఆలోచించారా?

మా లెక్క చెబుతాను, వినండి. అద్దె 5,000. పాలు 1,800. పిల్లాణ్ణి చూసుకున్నందుకు పిన్నిగారికి 2,500. పాప స్కూలు ఫీజు 1,200. మిగిలిన 5,500లో ఉప్పూ పప్పూ, గ్యాసు, పెట్రోలు, మందులు, ఆమె రికార్డులు, చార్టులు. ఆడవాళ్ళకు ఉచితమైన మహాలక్ష్మి బస్సు ఉండబట్టి దారి ఖర్చొకటి తప్పింది, ఆ మేలు మరచిపోను. నేను రాత్రుళ్ళు పేజీకింత అని మాట్లాడుకుని ఎవరెవరివో పీహెచ్‌డీ థీసిస్‌లు టైపు చేశాను. ఆమె అదే గదిలో, అదే బల్బు కింద లెసన్ ప్లాన్లు రాసుకునేది. ఒక రాత్రి పైథాగరస్ చార్టు పూర్తి చేసి ఆరబెడితే, చిన్నోడు లేచి దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో బరికేశాడు. ఆమె వాణ్ణి ఒక్క మాట అనలేదు. పక్కనే పడుకోబెట్టి జోకొడుతూ, రెండింటిదాకా ఇంకో చార్టు గీసింది.

డెంగీ వచ్చి వాణ్ణి ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆమె కమ్మలు తాకట్టు పెట్టాం. చెవులు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుని ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళింది. "టీచర్, మీ కమ్మలేవి?" అని ఆరో తరగతి పిల్లలు అడిగారట. ఆ మాట నాకు చెబుతూ నవ్వబోయింది. నవ్వలేకపోయింది.

ఆ డెంగీ రోజులతో హాజరు 77 శాతానికి పడిపోయింది. బిడ్డ ఆస్పత్రి కాగితాలు పట్టుకుని వెళితే కాలేజీ ఆఫీసులో తేల్చి చెప్పారు: "పిల్లాడి జబ్బు చెల్లదు. మీకే బాగా లేదని మెడికల్ సర్టిఫికెట్ తెండి, కండొనేషన్ ఫీజు కట్టండి." అంటే బిడ్డకు జ్వరమొచ్చిందన్న నిజం అక్కడ చెల్లదు. తల్లికే జ్వరమొచ్చిందన్న అబద్ధం చెల్లుతుంది. రేపటి టీచరుకు ఈ దేశం నేర్పిన మొదటి పాఠం అది.

కాగితాల మీద కరుణకేం తక్కువ లేదు. పీహెచ్‌డీ, ఎంఫిల్ చేసే మహిళలకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు ఇవ్వొచ్చని యూజీసీ 2016లోనే నిబంధన పెట్టింది. డిగ్రీ, పీజీ చదివే తల్లులకు కూడా సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోండని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. అలాంటి నియమం ఏదీ మా ఆవిడ కాలేజీ నోటీసు బోర్డు మీద నాకు కనిపించలేదు. 2017లో చట్టం సవరించినప్పటి నుంచి ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల సెలవు. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకోవడానికి క్రెష్ పెట్టి తీరాలి. మరి వందమంది ఆడపిల్లలు చదివే చోట? అక్కడ ఉన్నది ఉద్యోగులు కాదు కాబట్టి వాళ్ళ పిల్లలు పిల్లలు కారా? అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. మా వీధి అంగన్‌వాడీలో ఒక టీచరు, ఒక ఆయా. ఏడాది పిల్లాణ్ణి పొద్దంతా చూసుకోమని వాళ్ళనెలా అడుగుతాం?

ఇక ఫీజు సంగతి. పేద పిల్లల ఫీజు సర్కారే కడుతుందని ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన పథకం అది. ఎన్నో ఇళ్ళలో మొదటి డిగ్రీ వచ్చిందీ, మొదటి ఇంజినీరు అయిందీ దాని వల్లే. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నా నోరు పడిపోతుంది. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపుండాలి. మాది 1,92,000. మీసేవలో సర్టిఫికెట్ తీసుకున్నాం, దరఖాస్తు పెట్టాం, మంజూరైంది. మంజూరైన డబ్బు మాత్రం రాలేదు. రెండేళ్ళ కోర్సు ముగిసింది, పరీక్షలు ముగిశాయి, ఫస్ట్ క్లాసులో పాసైంది, డబ్బు రాలేదు. బకాయిలు వేల కోట్లకు చేరి, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే తలుపులు మూసి సమ్మెకు దిగాయి.

కాలేజీలు సమ్మె చేయగలవు. మేమేం చేయగలం? టీసీకీ, ఒరిజినల్ మెమోలకూ వెళితే కిటికీలోంచి మాట: "గవర్నమెంటు మీ ఫీజు మాకియ్యలే. 36,000 కట్టి తీస్కపోండి. అవి పడ్డంక మీకు తిరిగిస్తం." సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళాను. "టోకెన్ పడ్డది, పైసలు రిలీజ్ కావాలె. సర్టిఫికెట్లు ఆపొద్దని కాలేజోళ్ళకు చెప్పినం కదా, వాళ్ళనే అడుగు." మళ్ళీ కాలేజీ. మళ్ళీ ఆఫీసు. ఒక పూట జీతం కోత, ఇంకో పూట జీతం కోత. ఎవరూ కసరలేదు, ఎవరూ తిట్టలేదు. కుర్చీలోంచి తలెత్తి చూసిన మనిషి కూడా ఎవరూ లేరు. నన్ను దహించింది అదే. కోపంగా కసిరినా, ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నాడని గుర్తించినట్టేనని తృప్తి పడేవాణ్ణి.

ఆ డిసెంబరులోనే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో లెక్కల టీచరు పోస్టు ఖాళీ అయింది. డెమో క్లాసు విని వెంటనే ఒప్పుకున్నారు. 18,000 ఇస్తామన్నారు. ఒరిజినల్స్ చూపించాలన్నారు. వారం గడువు అడిగితే ఇచ్చారు కూడా. వారంలో ఆ కాగితాలు బయటికి రాలేదు. ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

ప్రభుత్వ ఉద్యోగం కోసం చూడండి అని సలహా ఇచ్చేవాళ్ళకు ఒక లెక్క. తెలంగాణలో 2017లో 8,792 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అలాంటిది మళ్ళీ పరీక్ష దాకా వచ్చింది 2024లోనే, 11,062 పోస్టులకు. మధ్యలో ఆరేళ్ళ పైమాటే. ఆ 11,062లో స్కూల్ అసిస్టెంట్లు 2,629. ప్రాథమిక బడుల్లోని ఎస్జీటీ పోస్టులకు బీఈడీ చెల్లదని 2023లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, వాటిలో మా ఆవిడలాంటివాళ్ళకు మిగిలిన దారి ఆ స్కూల్ అసిస్టెంట్ పోస్టులే. 2024లో ఆ పోస్టులకు డీఎస్సీ పరీక్ష జరిగినప్పుడు ఆమె ఇంకా మొదటి ఏడాదిలో ఉంది. తర్వాతి నోటిఫికేషన్ దాకా ఈ ఇల్లు ఏం తిని బతకాలి?

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీ చేసేవాళ్ళకు చాలా ఏళ్ళుగా నెలకు 8,000. హైదరాబాద్‌లో భార్యాబిడ్డలతో ఆ డబ్బుకు ఎక్కడ కాపురం పెట్టాలి? అదీ నెల నెలా రాదు. గుంటూరు నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చిన రోహిత్ వేముల తన ఫెలోషిప్‌లోంచి ఇంటికి డబ్బు పంపుతూ చదువుకున్నాడు. 2016 జనవరి 17న చనిపోతూ రాసిన ఉత్తరంలో, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు, ఇంటివాళ్ళకు అందేలా చూడమని అడిగాడు. ఆ చావు వెనక ఇంకా ఎన్నో ఉన్నాయి. కానీ థీసిస్‌లు టైపు చేసే రాత్రుళ్ళు నాకు ఆ అంకె గుర్తొచ్చేది. ఆఫీసు ఫైల్లో బకాయి అని రాసుకునేది, ఎక్కడో ఒక ఇంట్లో బియ్యం, అద్దె, అమ్మ మందులు.

"ఎవరు కనమన్నారు? ఎవరు చదవమన్నారు?" అని మా బంధువులే అడిగారు. మగవాడు చదువుతూ భార్య సంపాదిస్తే "పెళ్ళాం కూడు తింటున్నడు" అంటారు. ఆడది చదువుతూ భర్త సంపాదిస్తే "చదువయినంక నీ మాట వింటదా?" అంటారు. అమ్మాయికి ఇరవై నిండకముందే సంబంధాలు చూసేదీ ఈ ఊరే, ఏడాది తిరగ్గానే "విశేషమేం లేదా?" అని అడిగేదీ ఈ ఊరే, ఆ బిడ్డను చంకనేసుకుని ఆమె కాలేజీకి పోతే మొహం తిప్పుకునేదీ ఈ ఊరే. పెళ్ళినాటికి ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టడం మా ఆవిడ చేసిన నేరమా?

మేం అడిగేది ఆకాశంలో చుక్కల్ని కాదు. ఆడపిల్లలు చదివే ప్రతి కాలేజీలో ఒక గది, ఒక ఆయా, ఒక ఉయ్యాల. బిడ్డ జబ్బుకు బిడ్డ ఆస్పత్రి కాగితమే చాలన్న ఒక్క లైను నియమం. చదువు సాగుతుండగానే చేతికందే స్కాలర్‌షిప్. సర్కారు బాకీకి విద్యార్థి కాగితాల్ని జామీనుగా ఆపిన కాలేజీ మీద నిజంగా చర్య. ఇవి చేయడానికి కొత్త కమిటీ అక్కర్లేదు.

మా చిన్నోడికి ఇప్పుడు మూడేళ్ళు నిండాయి. మొన్న అంగన్‌వాడీలో వేద్దామని తీసుకెళ్ళాం. ఇనుప గేటు చూడగానే వాళ్ళమ్మ మెడ కావలించుకుని, లోపలికి పోవద్దని ఏడ్చాడు. వాడికేం గుర్తుందో నాకు తెలీదు. నాకైతే ఆ ఎండ, ఆ గోడ, ఆ కొంగు అన్నీ గుర్తున్నాయి.

ఆమె సర్టిఫికెట్లు ఇప్పటికీ ఆ కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. ఆ లోపు బీరువా తీయండి.