మంటల పాలయ్యే హైడ్రోజన్

పొలసర రైతు ట్రాక్టర్లో పోయించుకునే డీజిల్ వెనక హైడ్రోజన్ ఖర్చుందంటే చాలామంది నమ్మరు. కానీ నిజం. డీజిల్లోని గంధకాన్ని తీసెయ్యాలంటే హైడ్రోజన్ కావాల్సిందే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ఇంధనం అమల్లోకొచ్చింది. పది లక్షల పాళ్లలో 50 పాళ్ల దాకా ఉన్న గంధకం పరిమితిని 10కి కుదించారు. గాలికి మేలు జరిగింది, రిఫైనరీలకు మాత్రం హైడ్రోజన్ ఆకలి పెరిగింది.

మన గంజాం జిల్లాకు ఒకపక్క విశాఖ, మరోపక్క పారాదీప్. 1957లో మొదలైన విశాఖ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 83.3 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే విస్తరణ చేపట్టారు. 2016లో జాతికి అంకితమైన పారాదీప్‌దీ కోటిన్నర టన్నుల సామర్థ్యమే. ఇలాంటి రిఫైనరీల్లో హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు, నాఫ్తాల నుంచే తీస్తారు. సహజవాయువుతో కిలో హైడ్రోజన్ తయారైతే దాదాపు 9 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

అంత ఖరీదైన సరుకును ఎలా వాడుతున్నామన్నదే అసలు ప్రశ్న. గంధకం తీసే యూనిట్లు వదిలే వాయువుల్లో ఇంకా హైడ్రోజన్ మిగిలే ఉంటుంది. దాన్ని వేరుచేయకపోతే ఇంధన వాయువులో కలిసి కొలిమిలో కాలిపోతుంది. గంధపు చెక్కలు పొయ్యిలో పెట్టడమంటే ఇదే! పీడనం మార్చి వాయువులను వడకట్టే పరికరాలు, పొరల జల్లెడలు దాన్ని తిరిగి పట్టి ఇవ్వగలవు. తక్కువ శుద్ధి సరిపోయే యూనిట్‌కు మేలిరకం హైడ్రోజన్ పంపకపోవడం, అవసరాన్ని బట్టే ఉత్పత్తి సాగించడం కూడా పొదుపే. అయితే కంప్రెషర్లకు కరెంటు కావాలి, కొలిమికి వేరే ఇంధనం కావాలి. ఆ ఖర్చులు పోనూ లాభం మిగిలే చోటే ఈ పని చేయాలి.

హరిత హైడ్రోజన్ మంచిదే. కేంద్రం 2023 జనవరిలో జాతీయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. విశాఖ రిఫైనరీలో ఏడాదికి 370 టన్నుల ప్లాంటు పెట్టారు. కానీ ఇంత పెద్ద రిఫైనరీ అవసరం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఏనుగు దాహానికి చూరునీళ్లు సరిపోతాయా?

రెండూ ప్రభుత్వరంగ సంస్థలవే. ఎంత హైడ్రోజన్ తయారైంది, ఎంత తిరిగి పట్టారు, ఎంత మండిపోయింది అన్న లెక్కను ఏటా ప్రజల ముందుంచాలి. దీనివల్ల రేపే బంకులో ధర తగ్గిపోతుందని కాదు. వృథా ఖర్చూ, పొగా చివరికి పడేది జనం నెత్తినే గనుక అడిగే హక్కు మనకుంది. గండి పూడ్చకుండా చెరువుకు ఎన్ని నీళ్లు తోలినా నిలుస్తాయా?