మాకు రహమ్ వద్దు, మేం నింపగలిగే ఫారం ఇవ్వండి

"ఫారం పంపుతున్నాం భాయ్, ఇంట్లో ఎవరితోనైనా నింపించుకోండి." ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. చెప్పినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, వాళ్ల నియ్యత్ మంచిదే. కానీ ఆ మంచితనంలో ఒక బేఇజ్జతి దాగి ఉంది. దాని గురించి ఇవాళ కాస్త గట్టిగానే మాట్లాడాలి.

నేను నాబీనాని. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ నాకు చదివి వినిపిస్తుంది. ఉత్తరాలు రాస్తాను, ఇంటి లెక్కలు చూసుకుంటాను, ఇప్పుడు మీరు చదువుతున్నది కూడా అలాగే టైప్ చేశాను. ఇన్ని చేసుకునేవాణ్ణి, ఒక పేజీ దరఖాస్తు దగ్గరకొచ్చేసరికి మోహతాజ్‌ని అవుతున్నాను. లోపం నా కళ్లలో లేదు, ఫారంలో ఉంది.

ఫారంలో ఏముంటుందో ఒకసారి ఆలోచించండి. నెలకు ఎంత ఆమ్దనీ? అప్పులున్నాయా? ఏం జబ్బు? నికా అయిందా, తలాఖ్ అయిందా? బ్యాంకు ఖాతా నంబరు ఎంత? "ఎవరితోనైనా నింపించుకోండి" అంటే ఇవన్నీ పక్కింటి కుర్రాడికో, జిరాక్స్ సెంటర్ అబ్బాయికో నోటితో చెప్పమని అర్థం. చూపులేని ఆడపిల్ల తన రిష్తా బయోడేటా తానే రాసుకోలేక, వరుసకు అన్నయ్యేవాడితో రాయించుకోవాలి. తనకు ఎలాంటివాడు కావాలో అతని ముందు ఏం చెబుతుంది? పర్దా గురించి మన ఇళ్లల్లో గంటలు గంటలు మాట్లాడతాం కదా. మరి మనిషి జిందగీకి పర్దా అక్కర్లేదా?

మనవాళ్ల ఫారాలు ఎలా ఉంటాయో చెబుతాను. మొదటిది ఫోటో ఫారం. కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు, లేదంటే స్కాన్ చేసి పిడిఎఫ్ అంటారు. అందులో అక్షరాలుండవు, అక్షరాల బొమ్మ ఉంటుంది. బొమ్మలోంచి అక్షరాలు పట్టుకునే సాధనాలు ఉన్నమాట నిజమే. కానీ చదవడం వేరు, నింపడం వేరు.

రెండోది డీటీపీ ఫారం. తెలుగును పాత అను ఫాంట్లలో కొడతారు. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. రీడర్ వాటినే పలుకుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు. ఉర్దూ అయితే ఇన్‌పేజ్‌లో కొట్టి, బొమ్మగా మార్చి పంపుతారు. అదే యూనికోడ్‌లో కొడితే తెలుగూ ఉర్దూ రెండూ వినిపిస్తాయి. ఎన్‌విడిఎతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతుకు రెండూ వచ్చు.

మూడోది, "వర్డ్‌లోనే పంపాం కదా" అని గర్వంగా చెప్పుకునే ఫారం. పేరు అని రాసి పక్కన చుక్కలో, అడ్డగీతలో వరసగా కొడతారు. రీడర్ ఆ గీతలు ఎన్నున్నాయో చెబుతుంది, లేదా సెట్టింగును బట్టి ఏమీ పలక్కుండా దాటేస్తుంది. అక్కడ టైప్ చేస్తే గీతలు ముందుకు జరిగి లైన్లన్నీ చెదిరిపోతాయి. టిక్కు పెట్టమని ఇచ్చిన చదరం సింబల్స్‌లోంచి తెచ్చిన బొమ్మక్షరం, స్పేస్ బార్ నొక్కితే మారదు. అందం కోసం పెట్టిన టెక్స్ట్ బాక్సులు పేజీ మీద తేలుతుంటాయి, చదువుకుంటూ పోయేవాడికి దారిలో తగలవు.

ఒక స్కాలర్‌షిప్ సంస్థ మా బంధువుల పిల్లకి ఇలాంటి ఫారమే పంపింది. ఆ పిల్లకూ చూపు లేదు. తనే రాయాలని పట్టుపట్టి సాయంత్రమంతా కుస్తీ పడింది. చివరికి పుట్టిన తేదీ తండ్రి పేరు గడిలోకి వెళ్లింది. "అసంపూర్ణంగా ఉంది" అని దరఖాస్తు తిప్పి పంపారు. అసంపూర్ణమైనది దరఖాస్తా, దాన్ని తయారు చేసిన పద్ధతా?

ఇప్పుడు ఇలాజ్ చెబుతాను, ఇదేమీ రాకెట్ తయారీ కాదు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్లి డెవలపర్ అన్నదానికి టిక్కు పెట్టండి. కొత్త ట్యాబ్ వస్తుంది. పేరుకీ చిరునామాకీ ప్లెయిన్ టెక్స్ట్ కంట్రోల్ పెట్టండి. అవును, కాదు అనేచోట చెక్ బాక్స్ కంట్రోల్, జిల్లా పేరుకు డ్రాప్‌డౌన్ లిస్ట్. ప్రతిదానికీ ప్రాపర్టీస్‌లో టైటిల్ రాయండి: "తండ్రి పేరు", "నెలసరి ఆమ్దనీ". అదే మాట ఖాళీకి ముందు మామూలు అక్షరాల్లోనూ ఉండాలి, ఎందుకంటే అన్ని రీడర్లూ టైటిల్‌ని ఒకేలా పలకవు. భాగాల పేర్లను బోల్డ్ చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి. అప్పుడు నేను ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి నేరుగా వెళ్లగలను.

ఒక ఖతర్నాక్ బటన్ గురించి కూడా తెలుసుకోండి. రిస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో "ఫిల్లింగ్ ఇన్ ఫామ్స్" పెట్టి తాళం వేస్తే, కర్సర్ ఖాళీల్లోకి మాత్రమే వెళ్తుంది. పైన మీరు రాసిన సూచనలు, "ఆఖరి తారీఖు", "జతపరచవలసినవి", వీటి దగ్గరికి బాణం కీలతో వెళ్లలేం. చూపున్నవాళ్లు చదువుతారు, మాకు ఖబర్ కూడా ఉండదు. అందుకని సూచనలను వేరే సెక్షన్‌లో పెట్టి దానికి తాళం వేయకండి. లేదా అసలు తాళమే వేయకుండా, కంట్రోల్‌ని ఎవరూ డిలీట్ చేయకుండా ఆపే టిక్కు ప్రాపర్టీస్‌లో ఉంది, అది పెట్టండి. ఇవేవీ కుదరకపోతే సాదా ప్రశ్నలు, ప్రతి ప్రశ్న కింద ఒక ఖాళీ లైను ఇచ్చి మెయిల్‌లో పంపండి. అది కూడా మీ రంగురంగుల ఫారం కంటే వెయ్యి రెట్లు నయం.

ఖర్చవుతుందంటారా? ఎన్‌విడిఎ ముఫ్త్. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. ఈ రోజుకీ ఒక్క రూపాయి ఇవ్వకుండా ఎవరైనా దించుకోవచ్చు. మీరూ దించుకోండి. మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి, మీ ఫారం మీరే నింపి చూడండి. ఆ తర్వాత ఒక నాబీనాతో పరీక్ష చేయించండి. అది కూడా పనే కాబట్టి మజూరీ ఇవ్వండి.

"మాకొచ్చే దరఖాస్తుల్లో చూపులేనివాళ్లు ఎందరుంటారులే" అంటారు కొందరు. తలుపు మూసేసి, లోపలికి ఎవరూ రాలేదని లెక్క చెప్పడం అంటే ఇదే.

ఇది మీ మేహర్బానీ మీద ఆధారపడిన విషయం కూడా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచారం మాకు అందుబాటు రూపంలో ఉండాలంటోంది. ఆ చట్టం కింద చేసిన నియమాల్లో ఒకటి అందుబాటు ప్రమాణాలను సలహాల్లా వదిలేసిందని, తప్పనిసరి నియమాలు చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రటూరి కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందుకొచ్చిన నివేదిక మన హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారు చేసిందే. 2025 ఏప్రిల్ 30న అదే కోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనంది. ఢిల్లీలో ఇంత జరిగాక కూడా మన గల్లీ కమిటీ "ఎవరితోనైనా నింపించుకోండి" అంటే ఎలా సాహెబ్?

సర్కారుకు అర్జీలు పెట్టుకుందాం, అది వేరే లడాయి. ముందు మన చేతిలో ఉన్నవి చూద్దాం. స్కూలు అడ్మిషన్ ఫారం, స్కాలర్‌షిప్ ఫారం, వైద్య సాయం ఫారం, రిష్తా ఫారం: ఇవి మన కమిటీలే తయారు చేస్తున్నాయి, మన పిల్లలే టైప్ చేస్తున్నారు. మీ ఇంట్లో కంప్యూటర్ నేర్చిన బిడ్డ ఉంటే ఈ పని వాడికి అప్పగించండి. కమిటీలో మీ మాట చెల్లుబాటయితే, చూపులేనివాళ్లు నింపి చూడని ఫారాన్ని బయటికి వదలొద్దని తీర్మానం చేయించండి.

మాకు కావాల్సింది పక్కన కూర్చుని రాసిపెట్టే చెయ్యి కాదు. మా జవాబు మేమే రాసుకునే ఖాళీ. అది ఇవ్వడం ఖైరాత్ కాదు, మా హక్.