ఎంజిన్‌ఎక్స్‌ను ఉంచండి, ప్యానెల్‌తో కలిపి నడపండి

హైదరాబాద్

వెబ్ హోస్టింగ్ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
సాంకేతిక విభాగాధిపతి గారికి,

విషయం: సీప్యానెల్ సర్వర్లలో అపాచీకి ముందు పెట్టిన ఎంజిన్‌ఎక్స్ రివర్స్ ప్రాక్సీ వల్ల ఖాతాదారులు పడుతున్న ఇబ్బందులను తొలగించాలని కోరుతూ వినతి.

ఆర్యా,

మేమంతా మీ షేర్డ్ సర్వర్ల మీద సైట్లు నడుపుకొంటున్న ఖాతాదారులం. మాలో వెబ్ డిజైనర్లు, ఆన్‌లైన్‌లో పచ్చళ్లు, చీరలు అమ్ముకునే చిన్న వ్యాపారులు, జిల్లా వార్తల సైట్లు నడిపేవాళ్లు, కాలేజీల సైట్లు చూసుకునే ఉద్యోగులు ఉన్నారు. మాలో చాలామందికి సర్వర్ అంటే సీప్యానెల్ లాగిన్ ఒక్కటే. అందులో కనిపించేదే నిజమని నమ్మి పని చేసుకుంటాం.

ఇటీవల మీరు అపాచీకి ముందు ఎంజిన్‌ఎక్స్‌ను పెట్టారు. దాన్ని తీసేయమని మేం అడగడం లేదు. దాని అవసరం మాకు తెలుసు. ప్రీఫోర్క్ పద్ధతిలో నడిచే అపాచీ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను కేటాయిస్తుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఒక పాఠకుడు ఫోన్‌లో ఫొటో తెరుస్తున్నంతసేపూ ఆ ప్రాసెస్, దాని మెమరీ ఇంకెవరికీ అక్కరకు రావు. ఇగోర్ సిసోయెవ్ 2002లో రాయడం మొదలుపెట్టి 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ ఈ చిక్కును విప్పింది. అది కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లతో వేల కనెక్షన్లను చూసుకుంటుంది. అపాచీ ఇచ్చిన జవాబును తాను అందుకుని, పాఠకుడి నెట్ వేగాన్ని బట్టి తానే అందిస్తుంది. ఫలితాల రోజున కాలేజీ సైట్ నిలబడాలన్నా, పండగ ముందు దుకాణం సైట్ ఆగకుండా ఉండాలన్నా ఈ ఏర్పాటు మంచిదే.

అయితే మీరు దాన్ని ప్యానెల్‌కు తెలియకుండా, చేత్తో రాసిన కాన్ఫిగరేషన్‌తో పెట్టారు. మాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు ప్యానెల్ చూపించేది ఒకటి, ముందున్న సర్వర్ చేసేది ఇంకొకటి. అన్ని ఇబ్బందులకూ మూలం అక్కడే ఉంది.

మా ఇబ్బందులు

మొదటిది, అన్నిటికన్నా తీవ్రమైనది: పాస్‌వర్డ్ పెట్టిన ఫోల్డర్లు బయటపడ్డాయి. మాలో ఒకరు చూసే కాలేజీ సైట్‌లో సిబ్బంది జీతాల పీడీఎఫ్‌లున్న ఫోల్డర్‌కు సీప్యానెల్‌లోని డైరెక్టరీ ప్రైవసీ ద్వారా పాస్‌వర్డ్ పెట్టారు. ప్యానెల్ ఆ నిబంధనను హెచ్‌టీయాక్సెస్ ఫైలులో రాస్తుంది. ఎంజిన్‌ఎక్స్ ఆ ఫైలును చదవదు. మీ కాన్ఫిగరేషన్ ప్రకారం పీడీఎఫ్‌లు, ఫొటోలు అపాచీ దాకా వెళ్లకుండా ఎంజిన్‌ఎక్స్ నుంచే నేరుగా వెళ్తున్నాయి. దాంతో లింకు తెలిసిన ఎవరికైనా ఆ జీతాల పట్టీలు పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకున్నాయి. ప్యానెల్‌లో మాత్రం ఆ ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ ఉన్నట్టే కనిపిస్తోంది.

రెండోది, లాగ్‌లు పనికిరాకుండా పోయాయి. మా ప్యానెల్‌లో దొరికే అపాచీ లాగ్‌లో ఏ వరుస చూసినా మొదట ఉండేది 127.0.0.1, అంటే సర్వర్ సొంత చిరునామా. అపార్ట్‌మెంట్‌కు వచ్చినవాళ్ల పేర్లు రాయాల్సిన రిజిస్టరులో వాచ్‌మన్ ప్రతిసారీ తన పేరే రాసినట్టుంది. ఒక వార్తా సైట్‌లో ఎవరో తప్పు పాస్‌వర్డ్‌లతో లాగిన్‌కు ప్రయత్నిస్తే, వర్డ్‌ప్రెస్ భద్రతా ప్లగిన్ 127.0.0.1ను నిషేధించింది. ఆ క్షణం నుంచి పాఠకులందరికీ తలుపు మూసుకుపోయింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అసలు ఐపీ లేని లాగ్‌తో మేం ఏ దర్యాప్తుకు సాయపడగలం?

మూడోది, సర్టిఫికెట్లు. సీప్యానెల్‌లోని ఆటోఎస్‌ఎస్‌ఎల్ కొత్త సర్టిఫికెట్ తెచ్చి అపాచీకి ఇస్తోంది. ఎంజిన్‌ఎక్స్ దగ్గరున్న పాత నకలు మారడం లేదు. ప్యానెల్‌లో సర్టిఫికెట్ చెల్లుతుంది, కొనుగోలుదారు ఫోన్‌లో మాత్రం గడువు తీరిందన్న హెచ్చరిక వస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇస్తున్న మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. సర్టిఫికెట్ల నియమాలు నిర్ణయించే సీఏ/బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ప్రకారం, 2029 మార్చి 15 నుంచి జారీ అయ్యే ఏ పబ్లిక్ సర్టిఫికెట్‌కూ 47 రోజులకు మించి గడువు ఉండదు. ఈ లోపాన్ని ఇప్పుడే సరిచేయకపోతే మున్ముందు ఇది మాటిమాటికీ వచ్చే సమస్య అవుతుంది.

నాలుగోది, కాష్. లాగిన్ అయిన వాళ్ల పేజీలను కూడా ప్రాక్సీ దాచి ఇంకొకరికి చూపించింది. ఒక చీరల దుకాణం సైట్‌లో ఒకరి చిరునామా, ఫోన్ నంబరు మరొకరి తెర మీద కనబడ్డాయి. ఆ కొనుగోలుదారుకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది దుకాణం నడిపే అమ్మాయే.

ఐదోది, పరిమితులు. ప్యానెల్‌లో పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితి 64 ఎంబీకి పెంచుకున్నా 2 ఎంబీ ఫొటో ఎక్కడం లేదు, 413 ఎర్రర్ వస్తోంది. మార్చకపోతే ఎంజిన్‌ఎక్స్‌లో ఆ హద్దు 1 ఎంబీయే. అలాగే అపాచీ నుంచి 60 సెకన్లు ఏ జవాబూ రాకపోతే 504 వస్తోంది. టికెట్ పెట్టిన ప్రతిసారీ మీ సిబ్బంది మా ప్లగిన్‌నే తప్పుపడుతున్నారు.

మా డిమాండ్లు

1. స్టాటిక్ ఫైళ్లతో సహా అన్ని అభ్యర్థనలనూ అపాచీకే పంపాలి. ఎంజిన్‌ఎక్స్ నుంచి నేరుగా ఇవ్వడాన్ని, అది కోరుకున్న ఖాతాలకే, వాటి హెచ్‌టీయాక్సెస్ నిబంధనలు పరిశీలించాకే వర్తింపజేయాలి.

2. కాష్‌ను అన్ని ఖాతాల్లో వెంటనే ఆపాలి. మళ్లీ పెట్టేటప్పుడు లాగిన్, కార్ట్ కుకీలున్న పేజీలను దాచకుండా కట్టుదిట్టం చేయాలి. దాన్ని ఆపుకునే, ఖాళీ చేసుకునే వీలు ఖాతాదారుకు ప్యానెల్‌లోనే ఉండాలి.

3. బయటపడిన ఫోల్డర్ల ఫైళ్లను ఎవరెవరు తెరిచారో ఎంజిన్‌ఎక్స్ లాగ్‌లలో మాత్రమే ఉంది. ఆ లాగ్‌లను చెరపకుండా ఉంచి, సంబంధిత ఖాతాదారులకు ఇవ్వాలి.

4. అపాచీలో మాడ్ రిమోట్‌ఐపీ ద్వారా సందర్శకుల అసలు ఐపీ నమోదయ్యేలా చేయాలి. ఆ ఐపీని మోసుకొచ్చే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ను ఎవరైనా కల్పించి పంపగలరు. కాబట్టి మీ ప్రాక్సీ చిరునామా నుంచి వచ్చినప్పుడే దాన్ని నమ్మాలి. అపాచీ పోర్టులు బయటివాళ్లకు అందకుండా ఫైర్‌వాల్‌లో మూసేయాలి.

5. చేత్తో రాసిన కాన్ఫిగరేషన్‌ను తీసేసి, సీప్యానెల్ తానే ఈజీ అపాచీ 4లో ఇస్తున్న ఎంజిన్‌ఎక్స్ ఏర్పాటుకు మారాలి. అది అపాచీని 81, 444 పోర్టులకు జరిపి, 80, 443లను తాను తీసుకుంటుంది. కొత్త డొమైన్ చేరినా, సర్టిఫికెట్ మారినా ఎంజిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్ దానంతట అదే మారాలి, మారిందో లేదో మీరు పరీక్షించాలి. వేరే ప్యానెళ్లయిన ప్లెస్క్ అపాచీని 7080, 7081 పోర్టుల్లో ఉంచి, డైరెక్ట్ అడ్మిన్ 8080, 8081ల్లో ఉంచి ఇలాగే నడుపుతున్నాయి. ఇది కొత్త ప్రయోగమేమీ కాదు.

6. అప్‌లోడ్, టైమవుట్ హద్దులు ప్యానెల్‌లో ఇచ్చిన పీహెచ్‌పీ హద్దులకు తగ్గకూడదు.

7. ఎర్రర్ ఇచ్చింది ఎంజిన్‌ఎక్సా, అపాచీనా, పీహెచ్‌పీనా అన్నది లాగ్ చూసి టికెట్‌లో రాశాకే ఖాతాదారును బాధ్యుణ్ని చేయాలి.

8. ఇకపై ఇలాంటి మార్పులను ముందుగా ఒక పరీక్ష సర్వర్ మీద చేసి చూసి, కనీసం 7 రోజుల ముందు ఈమెయిల్‌లో తెలపాలి.

మొదటి 3 డిమాండ్లు ఇతరుల వ్యక్తిగత వివరాలకు సంబంధించినవి కాబట్టి 24 గంటల్లో అమలు చేయాలి. మిగిలినవి 30 రోజుల్లో పూర్తి చేయాలి. అది మీకు సాధ్యం కాకపోతే, మిగిలిన కాలానికి కట్టిన డబ్బు వాపసు చేసి, పూర్తి బ్యాకప్‌లతో మా ఖాతాలను వేరే చోటికి తరలించుకోనివ్వాలి.

మా సైట్లను నమ్మి వివరాలిచ్చిన విద్యార్థులకు, ఉద్యోగులకు, కొనుగోలుదారులకు జవాబు చెప్పాల్సింది మేమే. సర్వర్ తాళాలు మీ చేతిలో ఉన్నాయి కనుక ఆ బాధ్యతలో మీకూ సమానమైన వాటా ఉంది. ఒక్కో డిమాండ్‌పై మీ నిర్ణయాన్ని, అమలు తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
మీ షేర్డ్ హోస్టింగ్ ఖాతాదారులు