దక్షిణ లేని యజ్ఞం, దోషం మోయని నాయకుడు

మొన్నటి శనివారం సాయంకాల నివేదన ముగిసిన పిదప ఒక యువకుడు మండపంలోనే నిలిచిపోయాడు. ఎల్బీనగర్ వాసి. ప్రతిదినం మెట్రోలో అమీర్‌పేట దాకా, అక్కడ రైలు మారి రాయదుర్గం దాకా పోయి, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో తొమ్మండుగురి బృందానికి నాయకత్వం వహిస్తున్నాడు. "స్వామీ, నాయకత్వంలో ఆరు శైలులున్నాయని మాకు శిక్షణలో చెప్పారు. నా బృందానికి ఏది తగునో ఎంచుకొని రాసి ఇమ్మన్నారు. గీత ప్రకారం ఏది ఉత్తమం?" అని అడిగాడు.

చాలాసేపు మాట్లాడిన మీదట అసలు సంగతి బయటపడింది. నెలాఖరులోగా ఆ తొమ్మండుగురిలో ఒకరిని అధమశ్రేణిలో చూపుతూ పేరు పంపాలట. పని చెడిన మాట నిజమే. కానీ సాధ్యం కాని గడువుకు తల ఊపి వచ్చినవాడు తానే. పేరు మాత్రం, నిరుడు చేరిన ఒక అమ్మాయిది సిద్ధంగా ఉన్నది. వెనుకాడుతుంటే పై అధికారి "కాస్త కఠినమైన శైలి అలవరచుకో" అన్నాడట.

శైలి అనే మాట ఎంత సౌకర్యమైనదో నాకు అప్పుడు బోధపడింది. చేయబోయే అన్యాయానికి శైలి అని పేరు పెడితే చాలు, అది అభిరుచికి సంబంధించిన విషయమైపోతుంది. ఇక ధర్మాధర్మ విచారణకు తావెక్కడ?

ఈ విద్య ఎక్కడిదో కొంత విచారించాను. 1939లో అమెరికాలో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు పదేళ్ళ ప్రాయపు బాలుర బృందాలను పరిశీలించి నిరంకుశం, ప్రజాస్వామికం, స్వేచ్ఛాయుతం అని మూడు విధాలు చెప్పారు. 2000 సంవత్సరంలో డేనియల్ గోల్‌మన్ వాటిని ఆరు చేశాడు. గోల్ఫ్ ఆటగాడు సంచిలోని కర్రలలో సమయానికి తగినది తీసినట్లు నాయకుడు శైలిని తీయాలన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆలయ ప్రహరీకి అంటించే శిక్షణా ప్రకటనలన్నీ ఆ సంచిలోనివే. (వాటిని గీకించడానికి ఏటా సున్నం ఖర్చు మాకు.)

పూర్వపక్షానికి న్యాయం చేయాలి. మనుష్యులు భిన్నాధికారులు, అందరితో ఒకే రీతిగా వర్తించరాదు అన్నంతవరకు వారి మాట సత్యమే. వేదపాఠశాలలో సంథ చెప్పుకొనే వటువునూ ఘనపాఠినీ మా గురువుగారు ఒకే విధంగా చూడలేదు. వటువుకు స్వరం తప్పితే వెంటనే దిద్దేవారు. ఘనపాఠి తప్పితే కాసేపు ఊరకుండేవారు, తానే గ్రహిస్తాడని. కాని ఈ శైలివాదులు అవతలివాని అధికారాన్ని మాత్రమే తూచి, నాయకుని అధికారాన్ని తూచకుండా విడిచిపెడుతున్నారు. నా అభ్యంతరం అంతా అక్కడే.

శ్రౌతంలో దీనికి ఉత్తరం ఉన్నది. సోమయాగంలో హోత ఋక్కులు పఠిస్తాడు, అధ్వర్యువు కర్మ నడుపుతాడు, ఉద్గాత సామగానం చేస్తాడు. అగ్నికి దక్షిణంగా బ్రహ్మ అనే ఋత్విజుడు మౌనంగా కూర్చుంటాడు. చూసేవారికి అతడు ఏమీ చేయనట్లే ఉంటుంది. నిజానికి మూడు వేదాల కర్మా తెలిసి, ఆద్యంతం మనస్సుతో అనుసరించేవాడు అతడే. అధ్వర్యువు అడిగినప్పుడు అనుజ్ఞ ఇస్తాడు. అకాలంలో నోరు విప్పితే యజ్ఞం ఒంటికాలి మనిషివలె, ఒంటిచక్రపు రథంవలె కుంటుపడుతుందని ఛాందోగ్యం నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఋక్కులో లోపం జరిగితే గార్హపత్యంలో, యజుస్సులో జరిగితే దక్షిణాగ్నిలో, సామంలో జరిగితే ఆహవనీయంలో వ్యాహృతిహోమంతో ప్రాయశ్చిత్తం చేసే భారం అతనిదే. తప్పు హోతది కావచ్చు, ఉద్గాతది కావచ్చు. లేచి హోమం చేసేది బ్రహ్మ. అట్టివాడు యజ్ఞాన్నీ, యజమానినీ, ఋత్విజులందరినీ రక్షిస్తాడని శ్రుతి. ఈ మౌనాన్ని లెవిన్ పట్టికలోని స్వేచ్ఛాయుత శైలి అందామా? ఆ శైలిలో ప్రాయశ్చిత్తపు భారం ఎవరిదో ఆ పట్టిక చెప్పదు.

ఇది యజ్ఞశాలకే పరిమితమనుకోవద్దు. 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోటనుండి ఎగసిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. నాటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తానే విలేఖరుల ఎదుటికి వెళ్ళి బాధ్యత తనపై వేసుకొన్నారు. 1980 జులై 18న ప్రయోగం ఫలించినప్పుడు విలేఖరులతో మాట్లాడమని కలాంను పంపారు. ఈ వృత్తాంతాన్ని కలాం గారే పలు సభలలో చెప్పారు. ఇది ఆరు శైలులలో ఏది? ధవన్ సంచిలోంచి ఏ కర్ర తీశారు?

ఇక గీతను సంస్థలకు మోసుకుపోయే మా పౌరాణిక సోదరుల సంగతి. వారితో నాకు పేచీ ఇంకా పెద్దది. ఫలాపేక్ష విడువుమన్న ఉపదేశాన్ని వేతనం పెరగని ఉద్యోగులకు వినిపించి, సన్మానం అందుకొని వస్తున్నారు. ఆ ఉపదేశం కర్త తన ఫలం విషయంలో తాను పాటించుకోవలసినది. ఎదుటివాని ఫలాన్ని బిగబట్టడానికి యజమానికి లభించిన అనుమతిపత్రం కాదు. దక్షిణ ఇవ్వని యజ్ఞం తామసమని పదిహేడవ అధ్యాయంలో అదే భగవంతుడు చెప్పాడు. యజమాని అనే మాట పుట్టిందే యజ్ఞంలోంచి. దక్షిణ ఇచ్చేవాడు అతడు. ఆ అధ్యాయం దాకా ఈ ఉపన్యాసాలు ఎందుకు సాగవో?

సభాపర్వంలో నారదుడు మయసభకు వచ్చి ధర్మరాజును వరుసగా ప్రశ్నిస్తాడు. నన్నయ కూడా ఆ ఘట్టాన్ని తెనుగున విడువలేదు. సైనికులకు గ్రాసమూ జీతమూ కాలం తప్పకుండా ఇస్తున్నావా, నీకోసం ప్రాణాలిచ్చినవారి భార్యలను పోషిస్తున్నావా, హితం కోరే అనుభవజ్ఞులను దోషం నిరూపణ కాకుండానే పదవినుండి తొలగించడం లేదు గదా అని. నీ శైలి ఏది అని ఒక్కమారు కూడా అడగడు. మానవవనరుల శాఖలవారు చదువుకోదగిన అధ్యాయం.

ఇంత చెబుతున్న నేను శుద్ధుణ్ణని భ్రమించకండి. పదిహేనేళ్ళ క్రితం కల్యాణోత్సవంలో మధుపర్కానికి తేనె లేదు. చెప్పడం మరచినవాణ్ణి నేను. వేయిమంది ఎదుట పరిచారకుణ్ణి కసిరాను. అతడు తల వంచుకొని తెచ్చి ఇచ్చాడు. మాసం తిరగకుండా వేరే ఆలయానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎదురుపడలేదు. మంత్రలోపానికి ప్రాయశ్చిత్తం ఆనాటి రాత్రే చేశాను, దీనికి చేయలేదు.

ఆ యువకునికి ఇదంతా చెప్పాను. గడువు ఒప్పుకొన్నది తానేనని నివేదికలో మొదటి వాక్యంగా రాయమన్నాను. "నా పేరే రాస్తే ఈ ఏడు జీతం పెరగదు స్వామీ. వనస్థలిపురంలో ఫ్లాటు అప్పు ఉంది" అన్నాడు. కాదనలేకపోయాను. అప్పుకు నా వద్ద మంత్రం లేదు. ఆ అమ్మాయికి కూడా అప్పు ఉన్నదేమో అడిగావా అన్నాను. అడగలేదట. తీర్థం తీసుకొని మెట్రో మెట్లవైపు నడిచాడు. పేరు పంపవలసిన రోజుకు ఇంకా పది దినాలున్నది.