యాప్‌కి కూడా తేమ చూడండి

భారత పత్తి సంస్థ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

ప్రత్తిపాడు వైపు నల్లరేగడిలో పుట్టినవాణ్ణి. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో యాప్‌లు పరీక్షించే ఉద్యోగం. పత్తి తీతలకీ మిరప కోతలకీ ఊరు వస్తుంటాను. ఈ ఉత్తరంలో పొలం మాటా ఆఫీసు మాటా కలిసిపోతే మన్నించండి.

2025-26 సీజన్ నుంచి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే మీ కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కాలి, స్లాట్ దొరకాలి. ఆ సీజన్‌కు పొడవు పింజ క్వింటాలు 8,110 రూపాయలు, మధ్య రకం 7,710. ఈ ధరకు తలుపు ఒకప్పుడు జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఉండేది, ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. మంచిదే. మిల్లు ముందు ట్రాక్టరు కింద రాత్రుళ్లు పడుకున్నవాళ్లెవరూ పాత పద్ధతే కావాలనరు. నేను అడిగేదల్లా, ఆ తలుపు రైతు వైపు నుంచి ఎలా తెరుచుకుంటోందో కొలవమని.

నిరుడు మాఘంలో జరిగిన సంగతి చెబుతాను. మీ యాప్‌ది కాదు, వేరే యాప్‌ది. పేరెందుకు లెండి. మిరప కల్లంలో కూచుని మా బాబాయి వివరాలు నింపుతున్నాడు. ఓటీపీ గచ్చిబౌలిలో ఉన్న కొడుక్కి పోయింది. ఆధార్‌కి ఉన్నది వాడి నంబరే మరి. వాడు మీటింగులో ఉన్నాడు. మూడోసారికి ఎత్తి అంకెలు చెప్పాడు. బాబాయి మిరప ఘాటు అంటిన వేలు లుంగీకి తుడుచుకుని ఒక్కో అంకే నొక్కాడు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. గట్టెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. చివరికి ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వచ్చింది.

“అంటే ఏంట్రా, నాకు అర్హత లేదనా?” అన్నాడు.

మర్నాడు వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, మా సర్వర్ బ్రహ్మాండంగా నడుస్తోందండీ అన్నారు. అబద్ధమేమీ కాదు. ఓటీపీ వెళ్లింది, పేజీ వెళ్లింది, సర్వర్ లెక్కలో రెండూ సక్రమమే. బాబాయి గట్టు దిగి ఫోన్ జేబులో వేసుకోవడం మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

దాన్ని లెక్కలోకి తెచ్చే పనినే మా వృత్తిలో రియల్ యూజర్ మానిటరింగ్ అంటాం. యాప్‌లో చిన్న కోడ్ పెడితే, వాడే మనిషి చేతిలోనే తెర ఎన్ని సెకన్లకు తెరుచుకుంది, ఏ మెట్టు దగ్గర వదిలేశాడు, ఏ ఫోను, ఏ నెట్‌వర్కు అన్నది తెలుస్తుంది. వెబ్ పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలంటుంది గూగుల్. అదీ సగటున కాదు, నూటికి 75 సార్లయినా. ఆండ్రాయిడ్‌లో రోజూ వాడేవాళ్లలో 1.09 శాతానికి మించి కళ్లముందే యాప్ కూలిపోతుంటే ప్లే స్టోర్ దాన్ని వెనక్కి నెట్టొచ్చు. ఈ కూలిన లెక్క ప్లే కన్సోల్‌లోనే ఉంటుంది, తెరిచి చూస్తే చాలు.

సగటు మాట ఊరికే ఎత్తలేదు. గుంటూరు యార్డులో మంచి కాయనీ తాలు కాయనీ కలిపి ఒకే రేటు కట్టరు, తాలు విడిగా పోస్తారు. పట్నంలో తొమ్మిది ఫోన్లకు ఒక్కో సెకను, త్రిపురాంతకం పక్క పల్లెలో పదో ఫోనుకి ఇరవై సెకన్లు పట్టిందనుకోండి. సగటు మూడు సెకన్లలోపే వస్తుంది. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది, పదో రైతు మాత్రం దళారి కాటా దగ్గర నిలబడి ఉంటాడు.

మీ కేంద్రాల్లో పత్తికి తేమ చూసేటప్పుడు లోడు పైపైన చూసి సరిపెట్టరు కదా, లోపలి నుంచి తీసి మీటరు పెడతారు. 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే బండి వెనక్కి. యాప్ మీదా అంతే గట్టిగా ఉండండి. కౌలు రైతుల లెక్క విడిగా తీయండి. పొలం ఒకరి పేర, పంట ఇంకొకరిది అయినప్పుడు ఏ తెర దగ్గర ఆగిపోతున్నారో అప్పుడే తేలుతుంది. కొలిచే పేరుతో ఆధార్ అంకెలు, ఓటీపీలు మాత్రం పోగేయకండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది.

మండలం వారీగా ఎందరు నమోదు మొదలుపెట్టారు, అందులో ఎందరు స్లాట్ దాకా చేరారు అన్న రెండు అంకెలు వారానికోసారి రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించండి. మా బాబాయి లాంటివాళ్లకు మధ్యలో ఆగిపోయింది తామొక్కరే కాదని తెలుస్తుంది. మీ సాంకేతిక సిబ్బందికి సోమవారం పొద్దున ఏం చేయాలో తెలుస్తుంది.

అక్టోబరులో మొదటి తీత మొదలవుతుంది. ఆలోపే చేయండి.

ఇట్లు,
ప్రత్తిపాడు వైపు పత్తి రైతు కొడుకు