డబ్బాలోని భోజనము

భోజనమునకు బదులు ఒక గ్లాసెడు పానీయము త్రాగినచో చాలునను మాట ఈనాడు మన పేటలలో కూడ వినబడుచున్నది. మగ్గముల వీధులలోని చిన్న దుకాణములందు సైతము పొడి డబ్బాలు బారులు తీరియున్నవి. బిడ్డ బక్కచిక్కినదని కొందరు తల్లులు, లావెక్కితిమని కొందరు బాలికలు వానినే నమ్ముచున్నారు. ఈ నమ్మకము మేలైనది కాదని మా అభిప్రాయము. ఇట్టి పానీయములలో ఒకప్పుడు గొప్ప పేరు గాంచి, పిమ్మట కనుమరుగైన దాని చరిత్రయే ఇందుకు సాక్ష్యము.

అమెరికాలోని మీడ్ జాన్సన్ కంపెనీ, ఆహారము నమలి తినలేని రోగుల కొరకు సస్టాజెన్ అను పొడిని తయారు చేసెడిది. అదే మార్గమున 1959లో, ఒళ్ళు తగ్గగోరు వారికై మెట్రికాల్ అను పొడిని వెలువరించినది. వెన్న తీసిన పాలపొడి, సోయా పిండి, చక్కెర, విటమినులు అందలి ముఖ్య వస్తువులు. దానిని నీటిలో కలిపి దినమునకు నాలుగు గ్లాసులు త్రాగవలెను. గ్లాసుకు 225 కేలరీలు, మొత్తము 900. రోగికి ఉద్దేశింపబడిన పద్ధతి ఆరోగ్యవంతులకు వేడుకయైనది. పోటీ కంపెనీలు బయలుదేరినవి. కాని మూడు పూటలును ఒకే రుచి త్రాగి జనులు విసిగిరి. అంతట కంపెనీవారు అదే పేరుతో బిస్కత్తులు, సూపులు అమ్మజూచిరి. భోజనమును తొలగింప వచ్చినది తుదకు భోజనము చెంతకే చేరినది! కొలది సంవత్సరములలో ఆ వెఱ్ఱి చల్లారినది. నేడు ఆ డబ్బా అంగళ్ళలో లేదు.

డబ్బా పోయినను ఆశ పోలేదు. 1977 ప్రాంతమున అమెరికాలో వేరొక రకపు ద్రవ మాంసకృత్తులతోనే దినములు గడపిన వారిలో పలువురు మరణించిరి. 2020లో భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారము 13 నుండి 15 ఏండ్ల బాలికకు దినమునకు సుమారు 2400 కేలరీలు కావలెను. ఎదుగు వయస్సున 900తో సరిపెట్టుకొనుట ఎంతటి సాహసమో విద్యార్థినులే లెక్కించి చూడవచ్చును.

“మన తాతలు అంబలి త్రాగి మగ్గము నేయలేదా?” అని కొందరు అడుగవచ్చును. నేసిరి, కాని లేమి వలన అంబలితో ఆకలి తీర్చుకొన్న దినములను మేము పొగడబోము. ఎండవేళ చల్లని అంబలి మేలే. అయినను అదియే సంపూర్ణ భోజనమని వారెన్నడును చెప్పలేదు. చేతనైన దినమున జొన్నరొట్టె, పప్పు, పల్లీల కారము, ఉల్లిపాయ కూడ పళ్ళెములోనికి వచ్చినవి. మన జిల్లాలోని మంగళవేఢా జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు లభించినది. నూరు గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు కలవు. పల్లీలలో అంతకు రెట్టింపునకు మించి కలవు. ఇవి మన వీధి చివరనే దొరకును. బీడీలు చుట్టియో, చాదర్లు నేసియో సంపాదించిన సొమ్ము డబ్బాలకు ధారపోయ నేల?

వైద్యుడు రోగికి వ్రాసియిచ్చిన పొడి వేరు. ప్రకటన చూచి కొన్న పొడి వేరు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి పానీయములను “ఆరోగ్య పానీయములు” అను శీర్షిక క్రింద అమ్మరాదని ఆన్‌లైన్ వర్తకులకు సూచించినది. పేరు మారినను పదార్థము మారదు కదా!

విద్యార్థులారా, డబ్బాపై అక్షరములు ప్రాయికముగా ఇంగ్లీషులో నుండును. మన తల్లులలో పెక్కుమంది చదువగలిగినది తెలుగే. నూరు గ్రాములలో చక్కెర యెంతయో మీరు చదివి, వారికి తెలుగున చెప్పుడు. తల్లిదండ్రులారా, బిడ్డ బడికి వచ్చునప్పుడు సంచిలో రెండు జొన్నరొట్టెలు పెట్టుడు. ఒళ్ళు పెరిగినను తరిగినను వైద్యుని అడుగుడు, దుకాణదారుని అడుగకుడు.